గాంధీబొమ్మ దగ్గర ఆదివారం బల్ల: ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

నెల్లూరు గాంధీబొమ్మ సెంటర్‌లో ఆదివారం సాయంత్రం ఐదింటికి ఒక మడతబల్ల పడుతుంది. నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు. దాని మీద గాలికి ఎగరకుండా ఇటుక ముక్కలు పెట్టిన మూడు కాగితాల కట్టలు, ఒక ఇంకుప్యాడు, స్టేప్లర్, ఎర్రట్ట రిజిస్టరు ఉంటాయి. వెనక కట్టిన చిన్న ఫ్లెక్సీలో రెండే వాక్యాలు: సమాచార హక్కు దరఖాస్తు రాయడం నేర్పుతాం. డబ్బులు తీసుకోం. నడిపేది ఒక్క కార్యకర్త, చేతిసాయానికి డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు. ఎనిమిదిన్నరకు బల్ల మడిచేస్తారు.

‘నేర్పుతాం’ అన్నారే గానీ ‘రాసిపెడతాం’ అనలేదు. అక్షరం వచ్చినవాళ్ల చేతికి కాగితం ఇచ్చి వాళ్ల చేతే రాయిస్తారు. చదువు రానివాళ్లకైతే పిల్లల్లో ఒకరు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయిస్తారు. నిజానికి నోటితో చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) ప్రకారం పౌర సమాచార అధికారిదే, అంటే కార్యాలయంలో ఈ దరఖాస్తులు తీసుకుని జవాబిచ్చే అధికారిదే. ఆ సంగతి కూడా బల్ల దగ్గర చెబుతారు, అది మెచ్చుకోవాల్సిందే. 1992లో దూబగుంట సారా పోరాటం అక్షరదీపం అనే వయోజన విద్య తరగతుల్లోంచే లేచిన జిల్లా ఇది. సొంత చేత్తో రాసిన కాగితం బలం ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇబ్బందల్లా ఒక్కో మనిషికి అరగంట పట్టడమే. ఏడింటి తర్వాత వెళ్తే మీ వంతు వచ్చేలోపు బల్ల ఎత్తేస్తారు. ఐదుంబావుకల్లా వెళ్లండి.

అసలు పనితనం కనిపించేది ప్రశ్న చెక్కడంలో. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర ఉండేది ఫిర్యాదు, ప్రశ్న కాదు. ‘మా వీధిలో వేసిన సిమెంటు రోడ్డు ఆర్నెల్లకే ఎందుకు పెచ్చులూడింది?’ అని రాసి పంపితే, ‘ఇది సమాచారం కిందికి రాదు’ అని ఒక్క ముక్క జవాబు వస్తుంది. కోపం వచ్చినా ఆ జవాబు చట్టప్రకారం నిలుస్తుంది. కార్యాలయం దగ్గర ఏదో ఒక రూపంలో ఉన్నదాన్నే ఇవ్వాలి. లేనిదాన్ని తయారుచేసి ఇవ్వాల్సిన పని గానీ, కారణాలు, అభిప్రాయాలు చెప్పాల్సిన పని గానీ అధికారికి లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో తేల్చింది. బల్ల మనిషి ఇంత చట్టం చెప్పడు. ‘పెదనాయనా, ఎందుకు అని అడగబాకు. ఏ కాగితం ఉండాదో ఆ కాగితం అడుగు’ అంటాడు. ఆ ఒక్క మాటకే ఈ బల్లకు సగం మార్కులు వేయొచ్చు.

రోడ్డు ఫిర్యాదు వాళ్ల చేతిలో పడి ఇలా మారుతుంది: ఫలానా డివిజన్, ఫలానా వీధి, ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా ఇంటి నంబరు దాకా, ఫలానా ఆర్థిక సంవత్సరంలో వేసిన సీసీ రోడ్డుకు మంజూరైన ఎస్టిమేటు, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు, ఎం బుక్‌లో (పని కొలతలు ఎక్కించే మెజర్‌మెంట్ పుస్తకంలో) ఆ పనికి సంబంధించిన పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లు. వీటి నకళ్లు ఇప్పించగలరు. అంతే, ఇందులో ఆరోపణ లేదు, ఆవేశం లేదు. కాగితాలు చేతికొచ్చాక ఎస్టిమేటులో రాసిన మందం, ఎం బుక్‌లో ఎక్కించిన మందం, రోడ్డు అంచున టేపు పెట్టి కొలిస్తే తేలే మందం పక్కపక్కన పెడితే ‘ఎందుకు’ అన్నదానికి జవాబు దానంతటదే దొరుకుతుంది. ఎం బుక్ అడగకుండా బిల్లు ఒక్కటే అడిగేవాళ్లు ఎక్కువ. బిల్లులో మొత్తం డబ్బులే ఉంటాయి, పొడవు, వెడల్పు, మందం అన్నీ ఎం బుక్‌లో ఉంటాయి. బల్ల మీది నమూనా కాగితంలో ఈ పేరు పెద్దక్షరాల్లో ఉండటం మాకు బాగా నచ్చింది.

నమూనాలో లేనిది ఒకటి ఉంది. సెక్షన్ 2(జె) ప్రకారం నకళ్లే కాదు, పనిని, రికార్డులను స్వయంగా చూడొచ్చు, నోట్సు రాసుకోవచ్చు, వాడిన సరుకు నుంచి ధ్రువీకరించిన శాంపిలు కూడా తీసుకోవచ్చు. రోడ్డు, డ్రైను, బడి గది లాంటి పనుల్లో ఇది ఎంత పదునైన పనిముట్టో పనుల సంగతి తెలిసినవాళ్లకే తెలుస్తుంది. రికార్డులు చూడటానికి మొదటి గంట ఉచితం, ఆ తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. వంద పేజీల ఫైలు మొత్తం నకలు తీయించుకునే బదులు ముందు చూసి, కావాల్సిన పది పేజీలే అడిగితే ఖర్చూ తగ్గుతుంది, ‘సమాచారం చాలా ఎక్కువ, ఇవ్వలేం’ అన్న సాకూ పోతుంది. ఇది అడిగినవాళ్లకే చెబుతున్నారు. నమూనాలో ఒక లైను చేర్చడానికి ఏమంత కష్టం?

భూమి వ్యవహారాల్లో మాత్రం బల్ల మనిషికి మంచి పట్టుంది. ‘మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఎందుకు చేయలేదు’ అన్నది ‘ఫలానా తేదీన ఫలానా నంబరుతో నేనిచ్చిన అర్జీ మీద ఈ రోజు వరకు నడిచిన ఫైలు, నోట్ ఫైలుతో సహా, వీఆర్వో, ఆర్‌ఐ ఇచ్చిన రిపోర్టులతో సహా’ అని మారుతుంది. ఇక్కడ కీలకం నోట్ ఫైలే. వచ్చిన పోయిన ఉత్తరాలు కరెంటు ఫైలులో ఉంటాయి. ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగింది, ఎవరు ఏం రాసి ఎవరికి పంపారు అన్నది నోట్ ఫైలులో ఉంటుంది. ‘ఫైలు నకలు’ అని మాత్రమే రాస్తే మొదటిది ఇచ్చి ఊరుకుంటారు. రీసర్వే అయిన ఊళ్లవాళ్లు పాత సర్వే నంబరు, రీసర్వేలో ఆ భూమి ముక్కకు ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం నంబరు రెండూ రాయాలని కూడా ఆయన పట్టుబడతాడు. ఒక్కటే రాస్తే ‘మా రికార్డుతో సరిపోవడం లేదు’ అని కాగితం తిరిగొస్తుంది.

కందుకూరు, గూడూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు వెళ్లాయి. ఆ తర్వాత కూడా హద్దులు మారాయి. కాబట్టి ‘జిల్లా కార్యాలయం’ అని రాస్తే చాలదు, అడిగే ఫైలు ఏ సంవత్సరం నాటిదో రాయాలి. తప్పు కార్యాలయానికి వెళ్లినా సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో సరైనచోటికి వాళ్లే బదిలీ చేసి మీకు తెలపాలి. ఆ లైను నమూనా దరఖాస్తు చివర ముందే అచ్చేసి ఉంది.

ఇక రుసుము. బల్ల మీద అట్టముక్కకు అంటించిన పట్టిక సరిగ్గానే ఉంది. ఊరి స్థాయి కార్యాలయానికి, అంటే పంచాయతీ లాంటి వాటికి దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై అన్నిటికీ 10. నకలు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు కార్డు నకలు జతచేస్తే రుసుము కట్టక్కర్లేదు. నగదు కట్టొచ్చు, కోర్టు ఫీజు స్టాంపు అంటించొచ్చు, పోస్టల్ ఆర్డరో డీడీయో పెట్టొచ్చు. స్టాంపులు బల్ల దగ్గర అమ్మరు. అమ్మాలంటే లైసెన్సు కావాలి, వాళ్లు అమ్మకపోవడమే సబబు. కాకపోతే ఆదివారం పోస్టాఫీసు ఉండదు కాబట్టి పోస్టల్ ఆర్డరు శనివారమే కొని తెచ్చుకుంటే సోమవారం పొద్దున్నే కాగితం ఇచ్చేయొచ్చు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కోర్టు ఫీజు స్టాంపు రాష్ట్ర కార్యాలయాలకే చెల్లుతుంది. ప్రభుత్వరంగ బ్యాంకు, రైల్వే, పీఎఫ్ కార్యాలయం, పోస్టాఫీసు కేంద్రం కిందివి. వాటికి స్టాంపు అంటించి పంపితే రుసుము కట్టనట్టే లెక్క. అక్కడ నగదు, డీడీ, పోస్టల్ ఆర్డరు, ఆన్‌లైన్ చెల్లింపుల్లో ఏదో ఒకటి ఉండాలి. 2012 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు మామూలుగా 500 మాటలు దాటకూడదు కూడా. బల్ల పట్టికలో రాష్ట్రం, కేంద్రం అన్న రెండు గళ్లు లేవు. పీఎఫ్ గొడవలతో వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు, ఈ గడి ముందు చేర్చాలి.

కాగితం ఇచ్చే పద్ధతి బాగా నేర్పుతున్నారు. రెండు ప్రతులు తీసుకెళ్లాలి, రెండోదాని మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర, నంబరు, సంతకం వేయించుకోవాలి. ముద్ర వేయనంటే అక్కడ వాదన పెట్టుకోకుండా పోస్టులో పంపేయాలి. సోమవారం కలెక్టరేట్‌లో తిక్కన ప్రాంగణం దగ్గర ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ కాగితం ఇచ్చి వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. అక్కడిచ్చింది అర్జీగా నమోదవుతుంది, సమాచార హక్కు గడువుల దారిన పడదు. అర్జీ అక్కడ, దరఖాస్తు పౌర సమాచార అధికారి పేరున ఇన్‌వర్డ్‌లో అని బల్ల మనిషి వేలు మడిచి మరీ చెబుతాడు. కానీ అచ్చు కాగితం మాత్రం పాతబడింది. అందులో వేదిక పేరు ఇంకా ‘స్పందన’ అనే ఉంది. ‘రిజిస్టర్డ్ పోస్టులో పంపండి’ అనీ ఉంది. ఆ సేవ 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటర్ దగ్గర పాత పేరు అడిగి తికమకపడకుండా స్పీడ్ పోస్టులోనే పంపి, రసీదు భద్రంగా పెట్టుకుని, చేరిన తేదీ ట్రాకింగ్‌లో చూసుకోవాలి. గడువు లెక్క మొదలయ్యేది మీరు పంపిన రోజు నుంచి కాదు, వాళ్లకు అందిన రోజు నుంచి.

ఇక అసలు లోటుకు వస్తాం. ఈ బల్ల దరఖాస్తు దాకా చేయి పట్టుకుని నడిపిస్తుంది. ఆ తర్వాత వదిలేస్తుంది. సమాచార హక్కులో ఓడిపోయేవాళ్లలో ఎక్కువమంది దరఖాస్తు దగ్గర ఓడిపోరు, తేదీల దగ్గర ఓడిపోతారు.

లెక్క ఇదీ. దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబు రావాలి. కింది కార్యాలయంలో కాగితం తీసుకుని పైకి పంపే సహాయ పౌర సమాచార అధికారికి ఇచ్చి ఉంటే ఇంకో ఐదు రోజులు కలుపుకోవాలి. మూడో మనిషికి సంబంధించిన సమాచారమై, వాళ్లకు నోటీసు ఇవ్వాల్సి వస్తే 40 రోజులు. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఆ గడువు ముగిసిన రోజు నుంచి గానీ జవాబు అందిన రోజు నుంచి గానీ 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. రాష్ట్రంలో అప్పీలుకు రుసుము లేదు. దాన్ని 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ కార్యాలయం మంగళగిరిలో ఉంది.

ఇంతా చేసి జనం చేసేదేమిటి? ముప్ఫై రోజులు పోయాక ‘రిమైండర్’ రాస్తారు. చట్టంలో రిమైండర్ అనేదే లేదు. దానికి జవాబు కోసం ఇంకో నెల చూసేసరికి మొదటి అప్పీలు గడువు దాటిపోతుంది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, ‘రిమైండర్ రాసి ఎదురుచూశాను’ అంటే ఎవరూ వినరు. బల్ల మీది ఎర్రట్ట రిజిస్టరులో పేరు (పక్కనే ఫోన్ నంబరు), ఊరు, కార్యాలయం, తేదీ అనే నాలుగు గళ్లే ఉన్నాయి. ‘అప్పీలు వేయాల్సిన తేదీలు’ అని ఐదో గడి గీస్తే చాలు. అది గీసేదాకా మీరే చేసుకోండి: ఇన్‌వర్డ్ ముద్ర వేసిన ప్రతి వెనక ముప్ఫై ఒకటో రోజు తేదీ, అరవయ్యో రోజు తేదీ రాసిపెట్టుకోండి. జవాబు రాకపోతే ఆ రెండింటి మధ్యే మీ మొదటి అప్పీలు పడాలి.

మధ్యలో ‘ఇన్ని పేజీలు, ఇంత రుసుము కట్టండి’ అని ఉత్తరం వస్తే దాన్ని పక్కన పడేయకూడదు. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టే రోజు దాకా 30 రోజుల గడియారం ఆగి ఉంటుంది. కట్టకుండా అప్పీలుకు వెళ్తే తప్పు మీవైపే కనిపిస్తుంది. అదే ఉత్తరం 30 రోజులు దాటాక వస్తే మాత్రం డబ్బు కట్టక్కర్లేదు, ఆలస్యమైతే సమాచారం ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతోంది. ఈ రెండు సంగతులూ బల్ల మీది కాగితాల్లో ఎక్కడా లేవు.

ఇంకో పొరపాటు సాయం చేసే పిల్లల నోటే వినిపిస్తోంది: ‘జవాబు ఇవ్వకపోతే సెక్షన్ 18 కింద డైరెక్టుగా కమిషన్‌కు ఫిర్యాదు పెట్టేయండి అన్నా’ అని. పెట్టొచ్చు, కానీ దాంతో కాగితం చేతికి రాదు. ఆ సెక్షన్ కింద కమిషన్ జరిమానా వేయగలదే తప్ప సమాచారం ఇమ్మని ఆదేశించలేదని సుప్రీంకోర్టు 2011లోనే మణిపూర్ కేసులో చెప్పింది. సమాచారం కావాలంటే సెక్షన్ 19 అప్పీళ్ల దారే. ఆ జరిమానా మీదా భ్రమలున్నాయి. రోజుకు 250 చొప్పున గరిష్ఠంగా 25,000 అధికారి జేబులోంచి పోయేది ప్రభుత్వానికి, దరఖాస్తుదారుకు కాదు. దరఖాస్తుదారుకు నష్టపరిహారం కావాలంటే దానికి వేరే సెక్షన్ 19(8)(బి) ఉంది, విడిగా అడగాలి, నష్టం చూపించాలి.

పింఛన్లు, ఇళ్లు ఎవరెవరికి వచ్చాయో జాబితా అడిగితే ‘వ్యక్తిగత సమాచారం’ అని తిప్పికొట్టడం పెరిగింది. వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వకుండా ఆపే సెక్షన్ 8(1)(జె)ను 2023 డిజిటల్ డేటా చట్టం బాగా బిగించేసింది. బల్ల నమూనాలో పాత 8(1)(జె) మాటలే ఉన్నాయి, వాటిని నమ్ముకుని అప్పీలు రాస్తే నిలవదు. దీనికి మంచి దారి సెక్షన్ 4(1)(బి). సబ్సిడీ పథకాల అమలు తీరు, లబ్ధిదారుల వివరాలు కార్యాలయం ఎవరూ అడక్కముందే ప్రకటించి ఉంచాలని అందులో ఉంది. ‘4(1)(బి) కింద మీరు ప్రకటించిన లబ్ధిదారుల వివరాల నకలు’ అని అడగండి, అప్పీలులో ప్రజాప్రయోజనానికి 8(2) చూపండి. ‘ఫైలు దొరకలేదు’ అన్న జవాబు వస్తే భయపడక్కర్లేదు. నిరాకరించడానికి చట్టం చెప్పిన కారణాల్లో ఫైలు పోవడం లేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ వెతికారో తెలిపే కాగితం అడుగుతూ అప్పీలు వేయడమే.

బల్ల నడిపే తీరులో ఒక్క విషయం మాత్రం మాకు అసలు నచ్చలేదు. ఆ రిజిస్టరు పేర్లతో, ఫోన్ నంబర్లతో అందరికీ కనబడేలా తెరిచే ఉంటుంది. పక్కూరి రొయ్యల గుంటలకు అనుమతులున్నాయా, పెన్నలో ఇసుకకు ఇచ్చిన పర్మిట్లు ఎన్ని అని అడిగే మనిషి పేరు, తర్వాత వచ్చిన ఎవరైనా నిలబడి చదివేయొచ్చు. రిజిస్టరు మూసి పెట్టాలి, ఫోన్ నంబరు అసలు రాయకూడదు. ఆధార్ నకలు జతచేయమని చెప్పడం కూడా ఆపాలి. సెక్షన్ 6(2) ప్రకారం కారణం చెప్పక్కర్లేదు, జవాబు పంపడానికి కావాల్సినవి తప్ప వేరే వివరాలు ఇవ్వక్కర్లేదు. పోస్టు బాక్సు నంబరు ఇచ్చినా చాలని 2013లో కలకత్తా హైకోర్టు చెప్పింది. అలాంటి ప్రశ్న అడగాల్సి ఉంటే బల్ల దగ్గర నేర్చుకుని, పేరు రాయించకుండా ఇంటికొచ్చి రాసుకోవడం మేలు.

వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సినవి: పాత అర్జీ ఉంటే దాని నంబరు, తేదీ, భూమి సంగతైతే పాసుపుస్తకం నకలు, రేషన్ కార్డు నకలు, నాలుగు తెల్ల కాగితాలు. బల్ల దగ్గరిచ్చే కాగితాలు పలుచన, ఇంకు వెనక్కి దిగుతుంది. కూర్చోవడానికి రెండే కుర్చీలు. పెద్దవాళ్లను తీసుకెళ్తే నిలబడాల్సి రావచ్చు. ట్రాఫిక్ హోరులో కొంచెం గట్టిగానే మాట్లాడాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానలు తెలిసినవే. వాన పడితే బల్ల పడదు, ముందుగా చెప్పే ఏర్పాటూ లేదు. అప్పీలు గడువు ఆ వారంలోనే ముగుస్తుంటే వచ్చే ఆదివారం కోసం ఆగకండి. మొదటి అప్పీలుకు ఫారం అంటూ పట్టింపు లేదు: తెల్ల కాగితం మీద అప్పిలేట్ అధికారి హోదా, దరఖాస్తు తేదీ, ఇన్‌వర్డ్ నంబరు, ‘గడువులోగా జవాబు రాలేదు’ అన్న ఒక్క వాక్యం, అడిగినవి మళ్లీ వరసగా. దరఖాస్తు నకలు జతచేసి సంతకం పెట్టి, సోమవారమే స్పీడ్ పోస్టులో వేసేయండి.